అదే దీవి, అదే తుపాకీ, రోజుకో కొత్త షేర్వానీ

మన ఇళ్ళల్లో మొబైల్ గేముల మీద జరిగే లడాయి అంతా గంటల హిసాబే. "ఇంకెంతసేపురా?" అని అమ్మీ. "లాస్ట్ మ్యాచ్ అమ్మీ, అయిపోయింది" అని బేటా. అబ్బా డ్యూటీ నుంచి వచ్చి ఫోన్ గుంజుకుంటాడు. వాడు అన్నం తినకుండా అలిగి పడుకుంటాడు. పొద్దున లేవగానే దాదీమా జాలిపడి మళ్ళీ ఫోన్ వాడి చేతిలో పెడుతుంది. ఇన్నేళ్ళుగా ఇదే తమాషా. కానీ ఒక్క సవాల్ మాత్రం ఎవరూ వెయ్యరు. వాడు ఆడేది ఏంటి? పోయిన ఏడాది సెలవుల్లో ఆడిందీ, ఈ ఏడాది సెలవుల్లో ఆడుతున్నదీ వేరువేరు ఆటలా, ఒకటేనా?

ఒకటే భాయ్. పేరు మారింది, రంగు మారింది, వెనకాల వచ్చే మ్యూజిక్ మారింది. ఆట మారలేదు. గేములు ఆడటం గలతీ అని నేను అనను. క్యారమ్ బోర్డు చుట్టూ రాత్రి రెండింటి దాకా కూర్చున్న ఖాన్‌దాన్‌లో పుట్టినవాణ్ణి, ఆ మాట అనే హక్కు నాకు లేదు. నా గుస్సా వేరే. ఒకే ఆటని మన బచ్చాలకి వెయ్యిసార్లు అమ్ముతున్నారు, ప్రతిసారీ "నయా మాల్" అని అమ్ముతున్నారు. ఆ గుస్సా పిల్లల మీద కాదు, ఆ దుకాణం మీద రావాలి.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం పబ్జీ సంగతి చెబుతాను. విమానం వస్తుంది. 100 మంది పారాచూట్లతో దూకుతారు. కింద ఎరాంగెల్ అనే దీవి, 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. మనుషులు లేని ఖాళీ ఇళ్ళు. వాటిల్లో దూరి తుపాకీలు, తూటాలు, హెల్మెట్లు ఏరుకోవాలి. నీలం రంగు వలయం ఒకటి దగ్గరికి జరుగుతూ వస్తుంది, దాని బయట ఉంటే ప్రాణం పోతుంది. వలయం చిన్నదైపోతుంది, జనం తగ్గిపోతారు, చివరికి మిగిలినవాడు లేదా మిగిలిన టీము గెలిచినట్టు. స్క్రీన్ మీద చికెన్ డిన్నర్ అని వస్తుంది. మొత్తం అరగంట. తర్వాత? మళ్ళీ విమానం.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి కాబట్టి ఒక మాట. 2017 మార్చిలో ఇది కంప్యూటర్ల మీద మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడు నిజంగా నయా చీజే. బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లాండ్ మనిషి, 2000లో వచ్చిన 'బ్యాటిల్ రాయల్' అనే జపాన్ సినిమా నుంచి ఆ ఖయాల్ తీసుకున్నాడు. ముందు వేరేవాళ్ళ యుద్ధం గేమ్ మీద తన మార్పులు అతికించి చూసుకున్నాడు. ఆ తర్వాత కొరియా కంపెనీ పిలిస్తే వెళ్ళి సొంతంగా గేమ్ కట్టాడు. ఆ దీవి పేరులో తన బేటీ పేరు కూడా కలిపాడు. అంత షౌక్‌తో చేసిన పని అది. ఎవరు ఎటు నుంచి వస్తారో తెలియక ఒక ఇంటి మెట్ల కింద గుండె పట్టుకుని కూర్చోవడం, ఆ నిశ్శబ్దం, అంతకుముందు గేముల్లో అంతగా లేదు. హునర్ ఉన్నవాడికి సలాం కొట్టాల్సిందే.

ఆ తర్వాత మొదలైంది నకలు బాజార్. ఫోర్ట్‌నైట్ అనే గేమ్ 2017 జూలైలో వచ్చినప్పుడు అసలు వేరే ఆట. కోట కట్టుకో, దయ్యాల్లాంటి జీవుల నుంచి కాపాడుకో, అంతే. పబ్జీకి జనం ఎగబడటం చూసి సెప్టెంబర్‌కల్లా వాళ్ళూ 100 మంది, కుంచించుకుపోయే వలయం పెట్టేశారు. ఇవాళ ఫోర్ట్‌నైట్ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ రెండోదే, కోట కట్టే ఆట ఎవరికి యాద్ ఉంది? కాల్ ఆఫ్ డ్యూటీ 2018లో వచ్చిన బ్లాక్ ఆప్స్ 4లో మామూలుగా ఉండే కహానీ భాగాన్నే తీసేసి, ఆ ఏడాది ఈ మోడ్‌ని పెట్టింది. ఎపెక్స్ లెజెండ్స్ 2019, వార్‌జోన్ 2020. బ్యాటిల్‌ఫీల్డ్ తయారుచేసింది, ఫాల్‌అవుట్ తయారుచేసింది. ఆఖరికి టెట్రిస్‌కి కూడా 99 మంది వెర్షన్, మారియోకి కూడా 35 మంది వెర్షన్ వచ్చాయి. ఇటుకలు పేర్చుకునే ఆటలోనూ చివరికి ఒక్కడే మిగలాలి! టెట్రిస్ 99 మజాగానే ఉంటుంది, కాదనను. కానీ హాలత్ ఎక్కడికి వచ్చిందో చూడండి. ఒక వీధిలో ఒక హోటల్ హలీమ్ బాగా అమ్ముడుపోయిందని కిరాణా కొట్టు, దర్జీ దుకాణం, మందుల షాపు అన్నీ హలీమ్ భట్టీలు పెట్టుకున్నట్టు.

మన దేశం సంగతి ఇంకా విచిత్రం. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్ 2న సర్కార్ బంద్ చేసింది. పది నెలలకి, 2021 జూలైలో, బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. రక్తానికి పచ్చ రంగు వేశారు. "చంపావు" అనే చోట "ముగించావు" అని రాశారు. 2022 జూలైలో అదీ స్టోర్లలోంచి మాయమైంది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో తీసేస్తే పిల్లలు పక్కనే ఉన్న ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కి మారిపోయారు. ఇన్నిసార్లు బంద్, ఇన్నిసార్లు వాపస్, టీవీల్లో ఇంత బహస్. అందరూ డేటా గురించి మాట్లాడారు, చైనా గురించి మాట్లాడారు, హింస గురించి మాట్లాడారు. మాట్లాడాల్సినవే. కానీ వాపస్ వచ్చినప్పుడు మన బచ్చాలకి దొరికింది అదే ఎరాంగెల్, అదే విమానం. ఆటలో కొత్తగా ఏముందని ఏ ఒక్క ఛానల్ వాడూ అడగలేదు.

ఇది చదువుతున్న కుర్రాళ్ళు ఇప్పటికే మొహం చిట్లించి ఉంటారు. "అంకుల్‌కి తెలీదు, అందులో టీడీఎం ఉంది, అరేనా ఉంది, పేలోడ్ వచ్చింది" అని. తెలుసు బేటా. టీడీఎం అంటే ఒక గోదాములో అటు నలుగురు ఇటు నలుగురు, ముందు 40 మందిని కాల్చినవాళ్ళది గెలుపు. ఒకరినొకరు కాల్చుకునే ఈ డెత్‌మ్యాచ్ 1993లో డూమ్‌తోనే పేరు తెచ్చుకుంది. మీ అమ్మీ అబ్బాల నిఖా అప్పటికి అయి ఉండదు. పేలోడ్ అంటే అదే దీవికి హెలికాప్టర్, రాకెట్ లాంచర్ కలిపారు. బిర్యానీలో ఉడికించిన గుడ్డు వేస్తే కొత్త వంట అవుతుందా?

అసలు ఎందుకు మారదు అనేది తెలుసుకోవాలి, లేకపోతే నా మాట ఉత్త చిరాకు అనిపిస్తుంది.

ఒక మ్యాచ్ మొదలవ్వాలంటే 100 మంది ఒకేసారి కావాలి. రాత్రి తొమ్మిదింటికి లైన్‌లో ఉన్న జనాన్ని పది రకాల ఆటలకి పంచితే ప్రతి ఆట ముందూ క్యూ పెరుగుతుంది. రెండు నిమిషాలు ఆగమంటే పిల్లవాడు యాప్ మూసి వేరే దాంట్లోకి పోతాడు. ఆ ఫిక్ర్‌తో కంపెనీ ఏం చేస్తుందంటే, జనం తక్కువ వచ్చే మోడ్‌ని తీసేస్తుంది, లేదా కొన్ని రోజులు చూపించి దాచేస్తుంది. తీసేశాక ఇక అటువైపు షౌక్ పుట్టేది ఎవరికి? జనం రావడం లేదని మూస్తారు, మూశారు కాబట్టి జనం రారు. అప్పటికీ కుర్చీలు నిండకపోతే కంప్యూటర్ నడిపే బొమ్మలతో నింపుతారు, వాటిని బాట్లు అంటారు. కొత్తగా చేరినవాడికి అవి ఎక్కువ తగులుతాయి. "పదిమందిని కొట్టాను అబ్బా" అని బేటా ఛాతీ విరుచుకుంటాడు. ఆ పదిలో మనుషులెందరో ఖుదాకే ఎరుక.

రెండోది పైసల సంగతి. ఆట ముఫ్త్. మరి అంత పెద్ద కంపెనీ దేనితో నడుస్తోంది? బట్టలతో. తుపాకీకి వేసే రంగులతో. ఒక కొత్త ఆట పద్ధతి కనిపెట్టాలంటే తెలివైనవాళ్ళు నెలల తరబడి కూర్చోవాలి, నచ్చుతుందో లేదో ముందే చెప్పలేరు. కొత్త డ్రెస్ గియ్యాలంటే అంత ఖర్చూ లేదు, అంత ఖతరా లేదు. అందుకే ఆట అక్కడే ఆగిపోయింది, బట్టలు మాత్రం ప్రతి సీజన్‌కీ మారుతున్నాయి. ఫోర్ట్‌నైట్ 2017 డిసెంబర్‌లో బ్యాటిల్ పాస్ మొదలుపెట్టింది, తర్వాత అందరూ ఏదో ఒక పేరుతో అదే పట్టుకున్నారు. సీజన్ అయిపోయేలోపు ఇన్ని మెట్లు ఎక్కితే ఇన్ని బహుమతులు, ఎక్కకపోతే చేజారినట్టే. రోజూ వచ్చి హాజరీ వేయించుకుంటే ఒక డబ్బా. "ఇవాళ ఫలానా తుపాకీతో ముగ్గురిని కొట్టు" అని పని. గమనించండి, ఆటలో కొత్తదనం ఉంటే హాజరీ పట్టీ ఎందుకు? పతంగులు ఎగరేయడానికి మన ఛతుల మీదికి ఎవరైనా హాజరీ పుస్తకం పట్టుకుని వచ్చారా?

బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏళ్ళలోపు పిల్లలకి హద్దులు పెట్టామని తామే చెప్పుకున్నారు. రోజుకి 3 గంటల ఆట. రోజుకి 7000 రూపాయల ఖర్చు. మళ్ళీ చదవండి. నెలకి కాదు, రోజుకి. మన బస్తీల్లో చాలామంది నెల కిరాయి అంత ఉండదు. దాన్ని "హద్దు" అంటున్నారంటే వాళ్ళ లెక్కలో మన జేబులు ఎక్కడున్నాయో మీరే హిసాబ్ వేసుకోండి.

"ఒకే ఆట మళ్ళీమళ్ళీ ఆడితే తప్పేంటి? షత్రంజ్ కూడా ఒకటే కదా?" అని ఒక దోస్త్ అడిగాడు. మంచి సవాల్, దీనికి ఫుర్సత్‌గా జవాబ్ చెప్పాలి. షత్రంజ్‌లో 64 గళ్ళు, 32 పావులు, వందల ఏళ్ళుగా అవే. కానీ అటువాడు ఒక ఎత్తు, ఇటువాడు ఒక ఎత్తు వేసేసరికే బోర్డు 400 రకాలుగా ఉండొచ్చు. టెట్రిస్ 1984 నుంచీ ఉంది, అందులో ఉన్నవి ఏడు ముక్కలే. క్యారమ్‌లో గోటీలు మారవు, స్ట్రైకర్ మారదు, కానీ పోయిన ఏడాది నీకు రాని కట్ షాట్ ఈ ఏడాది వస్తుంది. ఆ ఆటల్లో మారేది ఆడేవాడు. ఓడినవాడు ఎందుకు ఓడాడో కూర్చుని చెప్పగలడు. షత్రంజ్ బోర్డు అమ్మినవాడు వారం వారం మన గడప తొక్కి "రాజుకి కొత్త కిరీటం తెచ్చాను, ఆదివారం దాకే ఉంటుంది" అనడు.

పబ్జీలో హునర్ అసలే లేదని కాదు. గురి కావాలి, నక్షా చదవడం రావాలి, టీముతో మాట్లాడటం రావాలి. మొదటి యాభై మ్యాచ్‌లలో పిల్లవాడు నిజంగానే నేర్చుకుంటాడు. ఐదు వందలో మ్యాచ్‌లో ఏం నేర్చుకుంటున్నాడు? పోటీలకి వెళ్ళే కొద్దిమంది సంగతి వదిలేయండి, మన గల్లీ పిల్లల సంగతి చెప్పండి. ఆ పిల్లల్లో చాలామంది ఆడేది మజా కోసం కూడా కాదు, సీజన్ అయిపోతోందన్న బేచైనీతో. ఆడుతున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడండి. మజాలో ఉన్న మొహం అలా ఉంటుందా?

ఇక్కడ అమీర్-గరీబ్ ఫరక్ ఒకటుంది, నాకు అసలు నొప్పి అక్కడే. ఇంట్లో ప్లేస్టేషన్ ఉన్న బచ్చాకి కార్ల ఆట ఉంది, పజిల్ ఉంది, కహానీ ఉన్న ఆట ఉంది, ఫుట్‌బాల్ ఉంది. విసుగొస్తే మార్చుకుంటాడు. మన ఇంట్లో ఉన్నది పదివేల రూపాయల ఫోన్ ఒకటి, అదీ నలుగురికి. అందులో జాగా ఒకటో రెండో గేములకి సరిపోతుంది. పైసలు పెట్టి కొనే గేమ్ అంటే "గేమ్‌కి పైసలా?" అని తిడతాం. అలా ముఫ్త్‌గా దొరికేదే మిగులుతుంది. ఫ్రీ ఫైర్‌కి ఒక విషయంలో తారీఫ్ చెయ్యాలి, సస్తా ఫోన్ల మీద నడిచేలా కట్టారు. 50 మందే, పది నిమిషాల ఆట. గరీబు ఫోన్‌ని కూడా గుర్తుపెట్టుకున్నారు. గుర్తుపెట్టుకుని ఏం ఇచ్చారు? అదే వలయం, అదే డైమండ్ల దుకాణం. ముఫ్త్ ఆటకి పైసలు ఇవ్వం, దానిలోని చొక్కాకి ఇస్తాం. ఇదెక్కడి హిసాబ్?

జాగాల్లోనూ ఇదే కరువు. తుపాకీ గేముల్లో ఎడారి, పగిలిన గోడలు, అరబ్బీ బోర్డులు కనిపిస్తే కాల్చడానికి మైదాన్ రెడీ అని అర్థం. 2009లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2లో కరాచీ అని ఒక మ్యాప్ ఉంది. ఆ కరాచీలో దుకాణాల బోర్డులు ఉర్దూలో లేవు, అరబ్బీలో ఉన్నాయి! ఉర్దూ చదవడం వచ్చిన ఏ ఇంటి పిల్లవాడైనా చూడగానే నవ్వే గలతీ అది. కోట్ల డాలర్లు పెట్టి ప్రతి తూటా శబ్దాన్నీ విడిగా రికార్డు చేసేవాళ్ళకి, ఆ షహర్‌లో జనం ఏ జబాన్ రాస్తారో ఒక్కరిని అడగడానికి వక్త్ లేదు. ఒక షహర్‌ని కాల్చుకునే జాగాగా తప్ప ఇంకోలా చూడనప్పుడు అడగాలని కూడా తట్టదు.

తుపాకీలు లేని ఆటలు బాగున్నాయనుకోకండి. ఫుట్‌బాల్ గేమ్ ఫిఫాలో 2009లో అల్టిమేట్ టీమ్ అని ఒక మోడ్ వచ్చింది, ప్యాకెట్లు కొను, ఆటగాళ్ళు తగిలితే తగులుతారు. ఒక్క 2021 ఆర్థిక సంవత్సరంలోనే అల్టిమేట్ టీమ్ మోడ్‌ల నుంచి ఈఏ కంపెనీకి 162 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇక ఒంటరిగా కూర్చుని చిన్న క్లబ్బుని పైకి తెచ్చే కెరీర్ మోడ్‌ని పట్టించుకునేది ఎవరు? బెల్జియం సర్కార్ ఈ ప్యాకెట్లని జూదం కింద లెక్కగడితే, 2019 జనవరిలో అక్కడ పాయింట్ల అమ్మకం ఆపారు. మిగతా దునియాలో దుకాణం తెరిచే ఉంది.

"జనమే పాతది అడుగుతున్నారు" అని కంపెనీల తరఫున వకాలత్ చేసేవాళ్ళు ఉన్నారు. 2023 నవంబర్‌లో ఫోర్ట్‌నైట్ తన పురానా మ్యాప్‌ని వాపస్ తెస్తే ఒక్క రోజులో 4 కోట్ల 47 లక్షల మంది ఆడారని కంపెనీయే చెప్పింది. నిజమే. కానీ దాన్ని నేను ఇంకోలా చదువుతాను. పదేళ్ళు ఒకే పప్పు పెట్టి, ఒకరోజు మొదటిరోజు గిన్నెలో మళ్ళీ వడ్డిస్తే పాత రుచి యాద్ వచ్చి నాలుగు ముద్దలు ఎక్కువే తింటారు. వాళ్ళకి బగారా అన్నం ఎప్పుడు పెట్టారు గనక, వద్దన్నారని చెప్పడానికి?

ఉన్నాయి భాయ్, వేరే రకం ఆటలు ఉన్నాయి. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మనలో కొంతమంది ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989ది. 60 నిమిషాల్లో షెహజాదీని కాపాడాలి, లేకపోతే ఖిస్సా ఖతం. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడిని పరిగెత్తించి, దూకించి, ఆ వీడియో చూసి బొమ్మలు గీశాడు. ఆ ఆటకి ఆఖరు ఉంది. మాన్యుమెంట్ వ్యాలీ 2014లో ఫోన్ల కోసమే వచ్చింది. గుమ్మటాలు, మీనార్లు, మెలితిరిగిన మెట్లు, వాటిని తిప్పుతూ ఒక చిన్న పిల్లని దారి దాటించాలి. పది అధ్యాయాలు, ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. స్టార్‌డ్యూ వ్యాలీని ఒక్క మనిషి ఏళ్ళ తరబడి మెహనత్ చేసి 2016లో తెచ్చాడు, పొలం పని, చేపలు పట్టడం, ఊరి జనంతో దోస్తీ. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్, 2018ది, కాస్త పెద్ద పిల్లలకి, కంప్యూటర్ ఉన్న ఇంటికి. 1807లో ఖాళీగా తీరానికి చేరిన ఓడలోని 60 మంది ఏమయ్యారో తేల్చాలి. రాసుకుంటూ, ఆలోచిస్తూ ఆడాలి. మన దేశం నుంచి వెళ్ళిన ఖలాసీలు కూడా ఆ ఓడలో ఉన్నారు. మైన్‌క్రాఫ్ట్ సంగతి చెప్పక్కర్లేదు, పిల్లలకే తెలుసు. అక్కడ ఏం కట్టాలో వాళ్ళ దిమాగే చెబుతుంది.

వీటికి పైసలు ఒక్కసారి పోతాయి. ఈద్‌కి ఇచ్చే ఈదీలో కొంత ఇటు పెట్టండి, చాచూలనీ ఖాలాలనీ పెట్టమనండి. డైమండ్ల కోసం చాటుగా ఫోన్‌పే కొట్టే బచ్చాకి, ఇంటిల్లిపాదీ కలిసి ఎంచి కొన్న ఆట చేతిలో పెట్టి చూడండి. ఎక్కువసార్లు డౌన్‌లోడ్ అయిన లిస్టులో వెతక్కండి, అక్కడ మళ్ళీ అవే దొరుకుతాయి.

దానికన్నా ముందు ఒక పని. ఈసారి ఫోన్ గుంజుకోకండి. వాడి పక్కన చాప మీద కూర్చుని రెండు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి, చాయ్ తాగుతూ, మధ్యలో తిట్టకుండా. మూడోది మొదలయ్యేటప్పుడు "ఆగు బేటా, ఇప్పుడేం జరుగుతుందో నేను చెబుతా" అనండి. విమానం వస్తుంది. పోచింకీ మీద దూకుతావు. మొదటి ఇంట్లో తుపాకీ ఉండదు, రెండో ఇంట్లో ఉంటుంది. వలయం జరుగుతుంది, జీపు ఎక్కుతావు. గడ్డిలో పడుకుంటావు. వెనక నుంచి ఎవడో కొడతాడు, "నెట్ స్లో అబ్బా" అంటావు. ఆడమనండి. మీరు చెప్పినవాటిలో ఎన్ని తప్పాయో వాడినే లెక్కపెట్టమనండి.